ఎమ్మే సైకాలజీకి పంట కోత ప్రయోగం

పంట కోత ప్రయోగానికి ఆఫీసు మనుషులు వస్తే ఏం చూపించాలో పెన్నోబులేసుకు నలభై ఏళ్ళుగా తెలుసు. పచ్చగా ఉన్న చోటు చూపించకూడదు. బోరుకు దూరంగా, బండ పైకి తేలి, శనక్కాయ పట్టని మూల ప్రతి చేనులోనూ ఒకటి ఉంటుంది. వచ్చినవాళ్ళను మాటల్లో పెట్టి ఆ మూలకు నడిపించాలి. వాళ్ళు అక్కడ నాలుగు మేకులు కొట్టి అయిదు మీటర్లకు అయిదు మీటర్లు తాడు కడతారు. కోత రోజున వచ్చి ఆ చదరంలో కాసింది పీకి తూకం వేస్తారు. తూకాన్ని నాలుగు వందలతో హెచ్చవేస్తే హెక్టారు దిగుబడి. అది తక్కువ వస్తే అందరికీ బీమా డబ్బు వస్తుంది. ఎక్కువ వస్తే ఊరంతా కలిసి చేను గలవాడి ఇంటి మీదికి వస్తుంది.

ఆ తెలివే అతని కొంప ముంచింది.

ఆ ఏడు పైవాళ్ళు ఉన్నత విద్యా దిగుబడి బోర్డు అని ఒకటి పెట్టారు. ఏ డిగ్రీకి ఎంత ఖర్చవుతుంది, తిరిగి ఎంత రాలుతుంది, లెక్క తేల్చడం దాని పని. బోర్డుకు అధ్యక్షుడు ఉన్నాడు, అధ్యక్షుడికి కారు ఉంది, లెక్క తేల్చే పద్ధతి మాత్రం లేదు. కొత్తది కనిపెట్టాలంటే మూడేళ్ళు పడుతుందని వ్యవసాయం వాళ్ళ దగ్గరున్న పంట కోత మాన్యువల్ తెప్పించారు. అందులో పంట అని ఉన్నచోటల్లా డిగ్రీ అని, రైతు అని ఉన్నచోటల్లా తల్లిదండ్రి అని మార్చారు. మిగతాది ముట్టుకోలేదు. నలభై ఏళ్ళుగా పనిచేస్తున్న మాన్యువల్‌ను పాడుచేయడం మంచిది కాదన్నారు.

మొదటి ప్రయోగానికి సైకాలజీని ఎంచుకున్నారు. దానికి కారణం ఉంది. మూడేళ్ళ కిందట టౌనులో ఎవరో సదస్సు పెట్టి, ఇకమీదట మనుషులందరికీ మనసు చెడుతుంది, సైకాలజీ చదివినవాళ్ళకు తిరుగుండదు అని చెప్పిపోయారు. ధర వచ్చిందని అందరూ ఒకే ఏడు టమోటా పెట్టినట్టు, గొల్లబండపల్లిలో ఏడుగురు తమ పిల్లలను సైకాలజీలో పెట్టారు. టమోటాకు ఏమయిందో సైకాలజీకీ అదే అయింది. నాగలింగప్ప కొడుకు టౌనులో సెల్‌ఫోన్లకు అద్దాలు అంటిస్తున్నాడు. ఇంకొకడు ఆటో తోలుతున్నాడు. పెన్నోబులేసు బిడ్డ గంగరత్న ఎమ్మే ఫస్టు క్లాసులో పాసయి, ఆరు నెలలుగా ఇంట్లో బర్రెకు గడ్డి వేస్తోంది.

నెలాఖరులో బోర్డు తరఫున గణాంకాధికారి చక్రధరరావు వచ్చాడు, నిన్నమొన్నటిదాకా ఆ ఊరి శనక్కాయ చేలల్లో తాడు కట్టినవాడే. చేతిలో మాన్యువల్, చంకలో తాడు. పంచాయతీ ఆఫీసు ముందర ఏడుగురు తల్లిదండ్రులను కూర్చోబెట్టి చదివి వినిపించాడు.

"నమూనాగా ఎంపికైన పట్టభద్రుని దిగుబడి హామీ దిగుబడి కంటే తక్కువగా నమోదైన పక్షంలో, జిల్లాలో సదరు డిగ్రీ వేసిన తల్లిదండ్రులందరికీ ఖర్చులో అరవై శాతం పరిహారం చెల్లించబడును. హామీ దిగుబడి పన్నెండు వేలు."

"అంటే తక్కువ పండితే దుడ్డొస్తాదా సార్?" అన్నాడు నాగలింగప్ప.

"పరిహారం మంజూరగును."

ఏడుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెలిసిన యవ్వారమే. చూపించాల్సింది బండ మూల. నాగలింగప్ప కొడుకు అద్దాలు అంటించి నెలకు తొమ్మిది వేలు తెస్తున్నాడు, ఆటోవాడు పది. అసలేమీ తేనిది ఎవరో అందరికీ తెలుసు.

పెన్నోబులేసు ఆ మధ్యాహ్నమే కోడి కోశాడు. చక్రధరరావు చేయి కడుక్కుని, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక తెరిచి, కళ్ళు మూసుకుని వేలు పెట్టాడు. తిన్న వేలు కాబట్టి ఎక్కడికి పోవాలో దానికి తెలిసింది. గంగరత్న పేరు మీద ఆగింది.

తరువాత ఖర్చుల ఫారం తీశాడు.

"విత్తన ఖర్చు?"

"ఏం విత్తనం సార్?"

"ఫారంలో ఉంది. ఖాళీ వదలరాదు."

"నా పెండ్లి ఖర్చు ఏసుకోండి. ఇరవై రెండు వేలు."

"ఎరువు?"

"హాస్టల్లో మెస్సు దుడ్లు."

"పురుగు మందు?"

"మందేమీ కొట్టల్యా సార్. పక్కూరి పిల్లోడొకడు మోటార్ సైకిలేసుకొని తిరుగుతాంటే నేనే పోయి రెండు మాటలు చెప్పొచ్చినా."

చక్రధరరావు ఆలోచించి, జీవ నియంత్రణ అని రాసుకున్నాడు.

"కూలీ ఖర్చు?"

"మా ఆడమనిషి అయిదేండ్లు కలుపుకు పోయి, ఆ కూలి దుడ్లే ఫీజు కట్టింది. పోయినేడు సచ్చిపోయింది."

"కూలీ చెల్లింపునకు రసీదులు?"

"లేవు సార్."

"అయితే సున్నా."

పెన్నోబులేసు రాస్తున్న చేతిని చూశాడు. చేయి బాగానే రాస్తోంది.

మేకులు కొట్టేటప్పుడు ఇబ్బంది వచ్చింది. ఇల్లు అయిదు మీటర్లు లేదు. తాడు గోడ దాటి బర్రెల కొట్టంలోకి పోయింది, బర్రె కూడా చదరంలోకి వచ్చింది. దాన్ని అంతర పంట కింద చూపించి, పాలు లెక్కలోకి రావని మార్జిన్‌లో రాసి, చక్రధరరావు గోడకు నోటీసు అంటించాడు. నమూనాను వచ్చే నెల ఇరవయ్యో తేదీ కోత వరకు ఎవరూ కోయరాదు, ముట్టరాదు, తరలించరాదు.

గంగరత్న ఇంట్లోంచి వచ్చి తాడు దగ్గర నిలబడి నోటీసు చదివింది.

"ఇదేమి నాయనా?"

"నీకేమీ కాదులే పాపా. ఇరవై అయిదు దినాలు గమ్మునుండు. మనకు లక్ష దాకా వస్తాది."

"నేనేం చేయల్ల?"

"ఏమీ చేయగాకు. అదే పని."

మూడోరోజు టపాలో, గంగరత్న ఎప్పుడో పెట్టిన దరఖాస్తుకు జవాబు వచ్చింది. రెండు బస్సులు మారి పోవాల్సిన ఊళ్ళో ఆడపిల్లల హాస్టలు బడి ఉంది. అక్కడ ఆ ఏడు ఇద్దరు పిల్లలు గోడ దూకి వెళ్ళిపోయారు, ఒకమ్మాయి మాట్లాడటం మానేసింది. అందుకని పిల్లల మనసు చూసుకోవడానికి కౌన్సెలర్ పోస్టు ఒకటి మంజూరయింది. జీతం పద్నాలుగు వేలు. గంగరత్న అయిదో తేదీలోగా ఒరిజినల్ సర్టిఫికెట్‌తో చేరాలి.

పెన్నోబులేసు ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. తరువాత తాడు వైపు చూశాడు. తన చేనులో తానే దొంగతనం చేయాల్సిన పరిస్థితి అతనికి ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు.

సంగతి ఊళ్ళో తెలిసేసరికి నాగలింగప్ప తక్కిన అయిదుగురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. తాడు బయటే కూర్చున్నారు. లోపలికి రాలేదు, నమూనా చెడుతుందని.

"ఏం బావా, పాపకు కొలువొచ్చిందంట."

"వచ్చింది."

"సంతోషమే. పోనీగాకు."

"ఏమి మాటది?"

"పద్నాలుగు వేలంట గదా. పన్నెండు దాటితే మాకెవురికీ పైసా రాదు. జిల్లాలో రెండు వందల మంది తల్లిదండ్రులు నీ బిడ్డ మీద ఆశ పెట్టుకోనుండారు. కోళ్ళు కోసి మేకులు కొట్టిచ్చుకున్నింది ఎవురు? నువ్వే గదా."

"ఒగ కోడే."

"ఒగటైనా కోడే గదా."

వాళ్ళలో ఒకామె గంగరత్నకు బెల్లమూ వేయించిన శనక్కాయలూ తెచ్చి ఇచ్చింది. "ఇరవై దినాలు తిని పండుకో తల్లీ. మా ఇండ్లల్లో దీపం నువ్వే," అంది. ఆ అమ్మాయి జీవితంలో అంత మర్యాద ఎప్పుడూ చూడలేదు. మరునాటి నుంచి ఆరుగురూ వంతులు వేసుకుని పగలంతా తాడు దగ్గర కాపలా కూర్చున్నారు. గంగరత్న బిందె పట్టుకుని కొళాయికి పోతే వెనకాల ఒకరు వెళ్ళేవారు.

రెండో తేదీన తండ్రీ బిడ్డా టౌనుకు, బోర్డు ఆఫీసుకు పోయారు. కాపలాకు నాగలింగప్ప కూడా బస్సెక్కాడు. టికెట్ పెన్నోబులేసుతోనే తీయించాడు.

"మేకులు పీకండి సార్," అన్నాడు పెన్నోబులేసు. "తప్పు నాదే. పాపకు కొలువొచ్చింది."

చక్రధరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒకసారి పాతిన మేకును కోతకు ముందు పెకలించినచో నమూనా యొక్క పవిత్రతకు భంగం వాటిల్లుతుంది. పేజీ ముప్పై ఒకటి."

"ఆయమ్మి ఆకలితో మాడి, సదివి, తెచ్చుకున్న కొలువు సార్."

"వ్యక్తిగతంగా నేను హర్షిస్తున్నాను. గణాంకపరంగా అది ముందస్తు కోత. నేరం."

"మరి మా చేన్లో తాడు కట్టినంక మేకలు మేస్తే, ఇంకో మడి చూసుకుంటాండ్రి గదా మీరు."

"ప్రత్యామ్నాయ నమూనా. ఉంది." పేజీలు తిప్పాడు. "అగ్ని, వరద, దొంగతనం, అడవిపందులు. నాలుగింట ఏదో ఒకటి జరిగి నమూనా పూర్తిగా ధ్వంసమైనట్టు ధ్రువీకరణ తేవాలి. మీ అమ్మాయికి వీటిలో ఏది జరిగింది?"

"ఏదైతే తొందరగా అయితాది సార్?"

"అడవిపందులు. అయితే అటవీ శాఖ వారు వచ్చి, అమ్మాయి మీద గిట్టల గుర్తులు చూసి సంతకం చేయాలి."

నాగలింగప్ప వెనకనుంచి, "మావూర్లో పందుల్లేవు సార్," అన్నాడు.

అప్పటిదాకా మాట్లాడని గంగరత్న ముందుకు వచ్చింది. ఎదుటివాడి తల ఎటు తిరుగుతుందో తెలుసుకుని అటునుంచి పోవడం ఆమె రెండేళ్ళు డబ్బు కట్టి నేర్చుకుంది.

"సార్, పోయినసారి మీరు మా ఊర్లో శనక్కాయ చేన్లో తాడు కట్టినప్పుడు, కట్టింది పంటకా, భూమికా?"

"పంటకు. భూమి రైతుది. దానిమీద ఎవరికీ హక్కు లేదు."

"ఇప్పుడు పంట ఏది?"

"డిగ్రీ. అంతటా మార్చాం కదా."

"డిగ్రీ పండింది నా మీద. అంటే భూమి నేను."

చక్రధరరావు మాన్యువల్ ముందునుంచి వెనక్కు, వెనకనుంచి ముందుకు తిప్పాడు. ముఖంలో గౌరవం లాంటిది వచ్చింది. "అవును. పంట చదరం దాటరాదు. భూమి తరలిపోవడం మీద నిషేధం కనబడటం లేదు. బహుశా పూర్వం ఎవరూ ఊహించలేదు."

నాగలింగప్ప కూడా ఆలోచించాడు. చదరంలో పిల్ల లేకపోతే చదరంలో జీతమూ ఉండదు. "పోనీండి సార్, భూమిని పోనీండి," అన్నాడు ఉదారంగా.

అట్లా గంగరత్న ఎమ్మే సర్టిఫికెటూ నాలుగు సెమిస్టర్ల మార్కుల కాగితాలూ తాడు మధ్యలో స్టూలు మీద పెట్టి, పదో తరగతి సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని బస్సెక్కింది.

బడిలో ప్రిన్సిపాల్ విమలమ్మ మేడం ఆమె చెప్పిందంతా విని, "ఒరిజినల్ లేనిదే కౌన్సెలర్‌గా నేను చేర్చుకోలేను. ఇరవై అయిదో తేదీ దాకా పోస్టు ఆపగలను. అంతకు మించితే పై ఆఫీసు ఒప్పుకోదు," అంది. తరువాత పదో తరగతి కాగితం వైపు చూసింది. "ఇది ఒరిజినలేనా?"

"ఒరిజినలే మేడం."

"వంటింట్లో సహాయకురాలి పోస్టు ఖాళీగా ఉంది. పది పాసయితే చాలు. పర్మనెంటు. ఇరవై ఒక్క వేలు."

"కౌన్సెలర్‌కు పద్నాలుగు కదా మేడం?"

"అది కాంట్రాక్టు. మనసు తాత్కాలికం. అన్నం శాశ్వతం. పై ఆఫీసు లెక్క అట్లా ఉంది."

గంగరత్న ఆ సాయంత్రమే పప్పు గుత్తి పట్టింది. తండ్రికి ఫోను చేసి, "ఇరవయ్యో తేదీ కోత అయిన మరుసటి దినమే సర్టిఫికెట్ తీసుకోని రా నాయనా. ఇరవై అయిదుకు కౌన్సెలర్‌గా మారిపోతా," అంది.

"ఇరవై ఒకటి ఇడిసిపెట్టి పద్నాలుగుకా?"

"సదివింది దానికే గదా."

పెన్నోబులేసు ఫోను పెట్టేశాడు. ఆమె తల్లి ఉంటే ఏదో ఒకటి అనేది.

ఇరవయ్యో తేదీన కోత జరిగింది. బోర్డు నుంచి తూకం పరిశీలకుడు, బీమా ప్రతినిధి, చక్రధరరావు, ముగ్గురూ జీపులో వచ్చారు. బర్రెను బయటికి తోలారు. చదరంలో చూస్తే స్టూలు మీద అయిదు కాగితాలు తప్ప ఏమీ లేవు.

"దిగుబడి?" అన్నాడు పరిశీలకుడు.

"పాప జీతం ఇరవై ఒక్క వేలు సార్, వంటింట్లో," అన్నాడు పెన్నోబులేసు. నాగలింగప్ప అతని కాలు తొక్కాడు.

"గట్టు అవతల రాలిన కాయ లెక్కలోకి రాదు," అన్నాడు చక్రధరరావు. "చదరంలో ఉన్నది మాత్రమే తూచవలెను."

తూచారు. నలభై ఎనిమిది గ్రాములు. ముగ్గురూ వంగి చూసి సంతకాలు పెట్టారు.

పెన్నోబులేసు చేయి చాచాడు. "అయింది గదా సార్. కాగితాలియ్యండి. ఇరవై అయిదు లోపల పాపకు అందియ్యల్ల."

"ఇది పచ్చి బరువు," అన్నాడు చక్రధరరావు జాలిగా. "పేజీ నలభై. కోసిన నమూనాను పదిహేను రోజులు ఎండలో ఆరబెట్టి, తేమ పోయిన పిమ్మట తిరిగి తూచవలెను. తేమతో కూడిన డిగ్రీని లెక్కించడం దేశాన్ని మోసగించడమే."

"కాగితానికి తేమేమి సార్?"

"అదే తేలుస్తాం."

పెన్నోబులేసు జీపుకు అడ్డం నిలబడ్డాడు. నలభై ఏళ్ళలో అతను ఆఫీసు మనుషులకు అడ్డం నిలబడింది అదే మొదటిసారి. డ్రైవరు హారను కొట్టాడు. నాగలింగప్ప, ఇంకో ఇద్దరు అతన్ని రెక్కలు పట్టి పక్కకు లాగారు. "ఓపిక పట్టు బావా, ఎండితే ఇంకా తగ్గుతాది. మనకే మంచిది," అన్నారు.

గంగరత్న ఎమ్మే పదిహేను రోజులు బోర్డు ఆఫీసు మిద్దె మీద ఎండింది. ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. మాన్యువల్ ప్రకారం ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరగేశారు. ఇరవై అయిదో తేదీ వచ్చింది, పోయింది. పదహారో రోజు తూస్తే నలభై అయిదు గ్రాములు. నాలుగు వందలతో హెచ్చవేస్తే పద్దెనిమిది వేలు.

ఫారంలో దిగుబడి అన్న గడి ఉంది. దేన్ని కొలిచారు, గ్రాములా రూపాయలా అని రాసే గడి లేదు. శనక్కాయల కాలంలో దాని అవసరం రాలేదు. చక్రధరరావు పద్దెనిమిది వేలు అని వేశాడు. పక్క గడిలో హామీ దిగుబడి పన్నెండు వేలు అని ముందే అచ్చయి ఉంది. బీమా ప్రతినిధి రెండు అంకెలూ చూసి, చాలాకాలం తరువాత నవ్వాడు.

మూడు రోజులకు బోర్డు అధ్యక్షుడు పత్రికలవాళ్ళను పిలిచాడు. సైకాలజీ విరగబండిందనీ, హామీ కంటే ఒకటిన్నర రెట్లు దిగుబడి వచ్చిందనీ, అపోహలు తొలగిపోయాయనీ చెప్పాడు. పరిహారం ప్రశ్నే లేదు. ఇంత పండే డిగ్రీని చవకగా ఇవ్వడం న్యాయం కాదు కాబట్టి ఫీజు రెండింతలు. నలభై సీట్లు రెండు వందల నలభై.

గొల్లబండపల్లిలో ఆరుగురూ పెన్నోబులేసు ఇంటి ముందర నిలబడ్డారు. ఈసారి ఎవరూ బెల్లం తేలేదు.

"అంత మందం కాగితాలు ఎందుకు పెట్టినావు?" అన్నాడు నాగలింగప్ప. "మార్కుల కాగితాలు తీసేసి ఒగటే పెట్టింటే మునిగిపోయేదా? మావోని సర్టిఫికెట్ ఎంత పలచగా ఉంటాదో చూసినావా నువ్వు?"

పెన్నోబులేసు తలుపు వేసుకున్నాడు.

మరునాడు ఆఫీసుకు పోయి కాగితాలు తీసుకున్నాడు. రిజిస్టరులో సంతకం పెట్టాక చూసుకున్నాడు. అయిదూ తెల్లగా ఉన్నాయి. ఎండకు అక్షరాలు లేచిపోయాయి. పైన ముద్ర ఉన్నచోట పసుపు మరక లాంటిది మిగిలింది.

"సార్, ఇందులో ఏమీ ల్యా."

"తేమతో పాటు కొంత పోతుంది," అన్నాడు చక్రధరరావు. "యూనివర్సిటీలో నకలుకు దరఖాస్తు పెట్టుకోండి. అసలు కాగితం జతచేయాలి. పేరు, నంబరు స్పష్టంగా కనబడాలి."

పెన్నోబులేసు రెండు బస్సులు మారి బడికి పోయాడు. ముందు విమలమ్మ మేడాన్ని కలిశాడు. ఆమె అయిదు కాగితాలూ వెలుగుకు పట్టి చూసింది.

"ఇది తెచ్చినా లాభం లేదులే పెద్దాయనా. పంట విరగబండిందని పేపర్లో వచ్చినాక పై ఆఫీసు ధర తగ్గించింది. కౌన్సెలర్ పోస్టు ఏడు వేలకు దించారు. ఎవరూ రాలేదు. గదికి తాళం వేశాం." కాగితాలు తిరిగి ఇచ్చి, "మీ అమ్మాయిని మాత్రం కదిలించకండి," అంది.

వంటింటి వెనక అరుగు మీద గంగరత్న ఉల్లిగడ్డలు తరుగుతోంది. చుట్టూ పదిమంది దాకా పిల్లలు, తలా ఒక కత్తిపీట. బడి వదిలాక వాళ్ళంతా సాయం చేస్తామని వస్తారట. ఉల్లిగడ్డలు కోసేచోట ఎవరు ఏడ్చినా ఎందుకని ఎవరూ అడగరు. గంగరత్న కూడా అడగదు. వాళ్ళే చెబుతారు. మాట్లాడటం మానేసిన పిల్ల ఆమె పక్కనే కూర్చుని, గోడ దూకి పోయి తిరిగొచ్చిన పిల్లతో పొట్టు సరిగ్గా తీయమని పోట్లాడుతోంది.

పెన్నోబులేసు కాగితాలు బిడ్డ చేతిలో పెట్టాడు. ఆమె ఒక్కొక్కటీ ముందూ వెనకా చూసింది. అయిదో కాగితం దాకా వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

"తప్పు నాది పాపా. మేకులు నేనే కొట్టిచ్చినా."

"తెలుసు నాయనా," అంది గంగరత్న. కాదనలేదు. కాగితాలు మడిచి పక్కన పెట్టి, ఉల్లిగడ్డ అందుకుంది.

అప్పుడే అతని ఫోను మోగింది. చక్రధరరావు.

"పెన్నోబులేసు గారూ, శుభవార్త. తదుపరి ప్రయోగానికి బోర్డు పదో తరగతిని ఎంపిక చేసింది. మొదటి ప్రయోగానికి సహకరించిన తల్లిదండ్రులకే ప్రాధాన్యం. మీ అమ్మాయి పది పాసయింది కదా? ఆ సర్టిఫికెట్‌తో ఎక్కడైనా పనిలో ఉందా? చిరునామా చెబితే రేపే వచ్చి మేకులు కొడతాం."

పెన్నోబులేసు బిడ్డ వైపు చూశాడు. పిల్లలందరూ అతని వైపు చూస్తున్నారు. మూడేళ్ళుగా బస్సులో పక్క సీటువాడికి కూడా, అడగకపోయినా, మా పాప ఎమ్మే అని చెప్పుకున్న మనిషి అతను.

"ల్యా సార్. పది తప్పింది."

"తప్పిందా? మరి ఎమ్మే ఎలా చదివింది?"

"సదివినట్టు కాగితముండాది సార్. మీరే ఎండబెట్టినారు గదా. అందులో ఏమీ ల్యా."

అటువైపు పేజీలు తిప్పుతున్న చప్పుడు. "అది నిజమే. పోనీ, ఏడో తరగతి?"

"అదీ ల్యా."

"అయిదు?"

"బడికే పంపల్యా సార్."

"కనీసం సంతకం?"

"ఏలిముద్ర."

"అలాగా." చక్రధరరావు గొంతులో నిజమైన నిరాశ వినిపించింది. "మరి రికార్డులో ఆమె పేరు ఎదురుగా ఏమని రాయమంటారు?"

"బీడు అని రాసుకోండి," అన్నాడు పెన్నోబులేసు, బిడ్డ ముఖం చూడకుండా.